48 గంటల కాగితం: దెబ్బ తగిలితే ముందు దీని గురించే అడగండి

పోయినేడు ఒక తమ్ముడు మా దగ్గరికొచ్చాడు. శ్రీకాకుళం వైపు మనిషి, సైట్‌లో రాడ్ బెండింగ్ పని. పరంజా మీంచి పడి మణికట్టు విరిగింది. సూపర్‌వైజర్ క్లినిక్‌కి తీసుకెళ్లి బిల్లు కట్టాడు. "రూమ్‌లో జారిపడ్డానని చెప్పు, లేకపోతే సైట్ ఆపేస్తారు" అన్నాడట. తర్వాత ఆరు వారాలు జీతం లేదు.

"ఎంసీ ఉందా తమ్ముడూ?" అని అడిగాను.

"కాగితం ఏదో ఇచ్చారన్నా, సూపర్‌వైజరే ఉంచుకున్నాడు."

బిల్లు కట్టాడు కాబట్టి మంచివాడే అనుకున్నాడు మనవాడు. కానీ బిల్లు కట్టడం వేరు, ప్రమాదాన్ని రిపోర్ట్ చేయడం వేరు. ఎందుకో చెప్తాను.

మనకున్న హక్కు ఏమిటి?

1993 నుంచి 2018 దాకా విదేశీ కార్మికులను పెర్కెసో (సొక్సో) నుంచి తీసేసి, తక్కువ పరిహారం వచ్చే వేరే స్కీమ్‌లో ఉంచారు. ఇది సమానత్వం కాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏళ్ల తరబడి చెప్తూ వచ్చింది. 2019 జనవరి 1 నుంచి పర్మిట్ ఉన్న విదేశీ కార్మికులు కూడా పెర్కెసో ప్రమాద పథకంలోకి వచ్చారు. 2021 జూన్ 1 నుంచి ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు కూడా వచ్చారు. దీని చందా జీతంలో 1.25 శాతం, అది మొత్తం యజమానే కట్టాలి.

పనిలో దెబ్బ తగిలి, డాక్టర్ కనీసం 4 రోజుల ఎంసీ ఇస్తే, రోజు జీతంలో 80 శాతం పెర్కెసో ఇస్తుంది. 1,700 రింగిట్ల జీతం మీద లెక్కేస్తే రోజుకు సుమారు 44 రింగిట్లు. ఆరు వారాలకు 1,800 దాటుతుంది. వైద్యం ఖర్చు, శాశ్వత వైకల్యానికి పరిహారం, మనిషి పోతే కుటుంబానికి పెన్షన్ వేరే.

ఇంకో సంగతి. ఈ పథకం ఉంది కాబట్టి, చట్టంలోని 31వ సెక్షన్ ప్రకారం, పనిలో తగిలిన దెబ్బకి యజమాని మీద నష్టపరిహారం కేసు వేయడం సాధారణంగా కుదరదు. అంటే మనకున్న ప్రధాన దారి పెర్కెసోనే. ఆ దారి తెరుచుకోవాలంటే ప్రమాదం రికార్డులోకి ఎక్కాలి.

ఎవరు రిపోర్ట్ చేయాలి?

ప్రమాదం సంగతి తెలిసిన 48 గంటల్లోపు యజమాని పెర్కెసోకి తెలియజేయాలి. చట్టాన్ని పాటించకపోతే 10,000 రింగిట్ల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. మేస్త్రీ కింద, సబ్ కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లకి కూడా అసలు కంపెనీకి బాధ్యత ఉంటుంది.

సైట్ ప్రమాదాలకు రెండో రిపోర్ట్ కూడా ఉంది. మనిషి చనిపోయినా, పెద్ద దెబ్బ తగిలినా, నాలుగు రోజులకు మించి పనికి రాలేకపోయినా జేకేకేపీకి (భద్రతా శాఖకి) రిపోర్ట్ వెళ్లాలి. అది వెళ్తే ఇన్‌స్పెక్టర్ రావచ్చు, పని ఆపించవచ్చు. "రూమ్‌లో పడ్డానని చెప్పు" అనేది అందుకే. లెక్కలో ఎక్కని ప్రమాదం జరగనట్టే. అదే పరంజా మీద రేపు ఇంకొకడు ఎక్కుతాడు.

ఇళ్లలో పనిచేసేవాళ్లకి ఈ భద్రతా చట్టం వర్తించదు. వంటింట్లో కాలినా, కిటికీ తుడుస్తూ పడినా, పెర్కెసో రిపోర్టే మీకున్న రికార్డు.

మీరు చేయాల్సినవి

1. ఈరోజే మీ పెర్కెసో నంబర్ అడిగి ఫోన్‌లో రాసుకోండి. విదేశీ కార్మికులకు 12 అంకెల నంబర్ ఉంటుంది. నంబర్ చెప్పలేకపోతున్నారంటే రిజిస్టర్ చేయలేదేమో అని అనుమానించండి. చేయకపోతే తప్పు యజమానిది, మీది కాదు.

2. దెబ్బ తగిలితే వెంటనే సూపర్‌వైజర్‌కో, మేడమ్‌కో వాట్సాప్‌లో రాయండి: తేదీ, టైమ్, చోటు, ఎలా జరిగిందో. మీరు రాయలేకపోతే తోటివాళ్లు రాయొచ్చు.

3. డాక్టర్‌కి నిజమే చెప్పండి. "రూమ్‌లో పడ్డాను" అని ఒకసారి రాయించుకుంటే దాన్ని మార్చడం చాలా కష్టం.

4. ఎంసీ, బిల్లు, ఎక్స్‌రే ఎవరి చేతికైనా ఇచ్చే ముందు ఫోటో తీయండి. చూసినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకోండి.

5. రెండు రోజులయ్యాక అడగండి: "పెర్కెసోకి రిపోర్ట్ వెళ్లిందా? కాపీ చూపించండి." వెళ్లకపోతే కాగితాలు తీసుకుని మీరే పెర్కెసో ఆఫీసుకి వెళ్లండి. హాట్‌లైన్ 1-300-22-8000.

6. పనికి వెళ్లే దారిలోనో, తిరిగి వచ్చేటప్పుడో యాక్సిడెంట్ అయినా ఈ పథకం వర్తిస్తుంది. పోలీస్ రిపోర్ట్ మర్చిపోవద్దు.

ఆ తమ్ముడి సంగతికొస్తే, క్లినిక్‌లో అడిగితే ఎంసీ కాపీ ఇచ్చారు. పడినప్పుడు పక్కనున్న ఇద్దరు సాక్ష్యం రాసిచ్చారు. రిపోర్ట్ ఆలస్యంగానైనా వెళ్లింది, కొన్ని నెలలకు డబ్బు వచ్చింది. కానీ ఆ చెయ్యి ఇంకా పూర్తిగా ముడుచుకోదు. రికార్డు ఉంది కాబట్టే వైకల్యం పరిహారం అడగగలుగుతున్నాడు. ఏ కాగితమూ లేకుండా ఊరికి వెళ్లిపోయి ఉంటే, ఆ నొప్పి ఒక్కటే అతనితో వెళ్లేది.

ఈ పేజీ ఫోటో తీసి మీ రూమ్ గ్రూపులో పెట్టండి.