నాడి దొరకని మనిషి

ఎవరైనా సొమ్మసిల్లి పడిపోతే మన పెద్దలు మొదట మణికట్టు పట్టుకొని నాడి చూస్తారు. నాడి ఆడితే ఆశ ఉన్నట్లు, ఆడకపోతే లేనట్లు. తరతరాలుగా మనం నమ్మిన ఈ లెక్క ఇప్పుడు కొందరి విషయంలో చెల్లదు. నాడి చేతికి అందకపోయినా నడిచి తిరిగేవారు, మనుమలతో ముచ్చటలాడేవారు ఉన్నారు. వారి గుండెకు ఒక చిన్న పంపు తోడుగా ఉన్నది.

మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో జరిగింది. చేసినవారు రాజమహేంద్రవరంలో పుట్టిన డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్ గారు. అయితే దానంగా వచ్చే గుండెలు తక్కువ, ఎదురుచూచేవారు ఎక్కువ. అందుకే ఈ పంపు అవసరమైనది.

తాయిల్పట్టి వైపు బావికి మోటారు పెట్టి చేనికి నీరు పారించటం మనకు తెలిసినదే గదా! ఈ పంపూ అటువంటిదే. గుండె ఎడమవైపు కింది గదిలోని రక్తాన్ని తోడి పెద్ద ధమనిలోకి పంపుతుంది. గుండెవలె కొట్టుకోదు, ఎడతెగక తిరుగుతుంది. నాడి అందకపోవటానికి కారణమిదే. కరెంటు బయటి బ్యాటరీలనుండి కడుపు చర్మంగుండా వెళ్ళే తీగ ద్వారా అందుతుంది.

మరి గుండె లయ తప్పితే? కింది గదులు కొట్టుకోక వణికితే మామూలు మనిషి క్షణాలలో స్పృహ తప్పుతాడు, చికిత్స అందకుంటే నిమిషాలలో ప్రాణం పోతుంది. పంపు ఉన్నవారిలో కొందరు అప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటారు. అది చూచి ధీమాపడరాదు. పంపు సాయం ఎడమవైపుకే. ఊపిరితిత్తులకు రక్తం పంపవలసినది కుడివైపు. అది చతికిలబడితే ఎడమ గదికి రక్తం చాలినంత చేరదు.

ఊట తగ్గిన బావిలో మోటారు ఏమి చేస్తుంది? అడుగు బురదను లాగుతుంది. ఈ పంపు కూడా అంతే. గదిలో రక్తం తగ్గితే గుండె గోడనే తనవైపు లాగుకుంటుంది. ఆ ఒరిపిడికి లయ మరింత చెడుతుంది. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బవల్ల ఒంట్లో నీరు తగ్గినా ఇదే ముప్పు. కాబట్టి గుండెదడ, కళ్ళు తిరగటం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక, పంపు అమర్చిన ఆసుపత్రికి వెంటనే ఫోను చేయవలె.

ఇటువంటివారు మన ఇంట ఉంటే రెండవ జత బ్యాటరీలు ఎప్పుడూ చేతికందేచోట ఉండవలె. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర మానరాదు. తీగ దిగినచోట శుభ్రత తప్పరాదు. చెరువులో, బావిలో ఈత పనికిరాదు.

వారు పడిపోతే నాడి లేదని ఏడుపులు మొదలుపెట్టవద్దు. పిలిచి చూడండి, ఊపిరి చూడండి. రొమ్ముకు చెవి ఆనిస్తే పంపు రొద వినిపించవచ్చు. తీగ, బ్యాటరీ ఊడినవేమో చూడండి. ఒకరు ఇది చూస్తుండగానే మరొకరు 108కి ఫోను చేసి, గుండెకు పంపు ఉన్నదని మొదటి మాటగా చెప్పండి. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ, పక్కింటివారికీ ముందే తెలిసి ఉండటం మంచిది.