ఈమెయిలు ద్వారా ఫ్యాక్సు: పంపినది అందినట్లేనా?

తంతి వచ్చినదనిన ఇంటిల్లిపాదీ గుమ్మములోనికి వచ్చిన కాలమును మన పెద్దలు ఎరుగుదురు. ఆ తంతి సర్వీసు మన దేశములో 2013 జులైతో ముగిసినది. టెలిఫోను, ఫ్యాక్సు, ఈమెయిలు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. షోలాపురపు తువ్వాళ్ల బేరమైనను, బరంపురపు పట్టు బేరమైనను, సేలములోని మన వారి పంచెల బేరమైనను నేడు చేతిలోని ఫోనుపైననే సాగుచున్నది.

మరి ఫ్యాక్సు మాట ఇప్పుడెందుకని యువకులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇంగ్లండులోని ప్రభుత్వ వైద్యశాలలు 2019 జనవరి నుండి క్రొత్త ఫ్యాక్సు యంత్రములు కొనరాదని ఆజ్ఞ అయినది. జపానులోనో, 2021లో ప్రభుత్వ కార్యాలయములనుండి ఫ్యాక్సును తొలగింపబోగా ఆ కార్యాలయములే వందల కొలది అభ్యంతరములు తెల్పినందున వెనుకకు తగ్గవలసి వచ్చినది. కొనువాడు ఫ్యాక్సు అడిగినపుడు అమ్మువాడు కాదనలేడు. యంత్రము లేనివారు ఆ పనిని ఈమెయిలు ద్వారా చేసికొనవచ్చును. అయితే దానిలో ఒక మెలిక కలదు. అది మాకు నష్టముతో తెలిసినది.

కొన్నేండ్ల క్రిందటి సంగతి. దుప్పట్లకు ధరల పట్టీని శుక్రవారము సాయంకాలము 5 గంటలలోగా సంతకముతో ఫ్యాక్సు చేయవలెనని ఒక కొనుగోలుదారు కోరిరి. మా ఫ్యాక్సు యంత్రము అప్పటికే మూలబడినది. కార్యాలయములోని కుర్రవాడు పట్టీని ఈమెయిలుకు జతపరచి, ఫ్యాక్సుగా మార్చి పంపు ఒక సర్వరునకు పంపినాడు. నిమిషములో "స్వీకరించబడినది" అని జవాబు వచ్చినది. మేము నిశ్చింతగా తాళము వేసికొని ఇండ్లకు పోతిమి.

సోమవారము విచారింపగా పట్టీ అందలేదనిరి. వారి లైను ఆ సాయంకాలమంతయు ఖాళీ లేదు. సర్వరు మూడుసార్లు ప్రయత్నించి మానుకొన్నది. మానుకొన్నట్లు మాకు వ్రాసినది కూడ. కాని ఆ జవాబు మా పెట్టెలో పనికిరాని ఉత్తరములు చేరు అరలో పడియున్నది. ఆర్డరు మరియొకరికి పోయినది. పదునాలుగు మగ్గములకు రెండు నెలల పని! ఆ మగ్గములవారికి ఈ మాట చెప్పుటకు మాకు నోరు రాలేదు. విన్న ఒక పెద్దాయన, "నాయనా, మగ్గానికి పడుగు ఎక్కించినంత మాత్రాన చీర దిగినట్టా?" అన్నాడు. కోపముగా అనలేదు. అందుచేతనే అది ఎక్కువగా తగిలినది.

తప్పు సర్వరుదని అనలేము. అది "పుచ్చుకొంటిని" అన్నది, మేము "అందినది" అని చదువుకొంటిమి. పూర్వము రిజిస్టరు ఉత్తరము వేసినపుడు తపాలా గుమాస్తా ఇచ్చు రసీదు వేరు, అవతలివారు సంతకము చేయగా తిరిగివచ్చు కార్డు వేరు. ఈ భేదము మన తాతలకు తెలియును. మేము మరచితిమి.

ఇక ఇది పనిచేయు తీరు. నేతవారికి దీనిని గ్రహించుట కష్టము కాదు. జాకార్డు అంచునకు నమూనా గీయువాడు గళ్ల కాగితముపై ఒక్కొక్క వరుసలో ఏ గడి నిండినది, ఏ గడి ఖాళీ అని చూచి అట్టలు కొట్టించును. ఫ్యాక్సు కూడ అట్లే కాగితమును వరుసలుగా చదువును. 1980లో ఏర్పడిన అంతర్జాతీయ పద్ధతి ప్రకారము వరుస ఒక్కింటికి 1728 చుక్కలు. మామూలు కాగితమునకు సుమారు 20 లక్షల చుక్కలగును. అన్నిటిని విడివిడిగా పంపిన ఆలస్యమగును గావున "ఇన్ని తెలుపు, ఇన్ని నలుపు" అని లెక్కకట్టి పంపును. గళ్ల కాగితమును చూచి పైకి చదువు మన పనివాని పద్ధతియే ఇది!

ఈ పోలికకు చరిత్రలో మరియొక ముడి కలదు. తీగపై బొమ్మను పంపు ఉపాయమునకు అలెగ్జాండరు బెయిన్ అను స్కాట్లండు గడియారపు పనివాడు 1843లో పేటెంటు పొందెను. కసెల్లి అను ఇటలీ మతగురువు యంత్రముతో 1865లో ప్యారిస్, లియోన్ నగరముల నడుమ ఈ సర్వీసు ప్రారంభమైనది. ఆ లియోనే జాకార్డు పుట్టిన పట్టు నేత ఊరు.

ఈమెయిలును ఫ్యాక్సుతో కలుపు ప్రయోగమును 1993లో కార్ల్ మలముద్, మార్షల్ రోజ్ అను ఇద్దరు నడిపిరి. ఏ ఊరి ఫ్యాక్సులను ఆ ఊరిలో యంత్రమున్నవారు స్థానిక ఫోను ద్వారా ఉచితముగా అందజేసెడివారు. సహకార సంఘము వంటి ఏర్పాటన్నమాట. 1998లో దీనికి అంతర్జాతీయ నిబంధనలు ఏర్పడినవి. మనము పంపిన ఉత్తరమును సర్వరు నలుపు తెలుపు బొమ్మగా మార్చును. చిరునామాలోని ఫోను నెంబరును పిలుచును. అవతలి యంత్రము పలికిన పుట పుటగా అప్పగించి, ఫలితమును మనకు తిరిగి వ్రాయును. ఈ చివరి జవాబే మనకు ముఖ్యము.

అనుభవముపై మేము నేర్చినవి ఇవి:

గడువునకు కనీసము ఒక దినము ముందు పంపవలెను. "స్వీకరించబడినది" అను మాటతో తృప్తిపడరాదు. "అందజేయబడినది", ఎన్ని పుటలు, ఏ వేళకు అను జవాబు వచ్చువరకు చూడవలెను. అటుపిమ్మట ఒకసారి ఫోనుచేసి అడుగుట చిన్నతనము కాదు. ఆ జవాబును అచ్చువేసి ఆర్డరు కాగితములతో భద్రపరచవలెను.

రంగుల నమూనాను ఫ్యాక్సులో పంపరాదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలము అన్నియు అచ్చట నలుపుగనో బూడిదగనో దిగును. రంగు పేరును, నెంబరును అక్షరములతో వ్రాసి, గుడ్డముక్కను తపాలాలో పంపుటయే మేలు. సన్నని గీతలు, చిన్న అంకెలు చెదరిపోవును. ధరలను అంకెలతోపాటు అక్షరములలో కూడ వ్రాయవలెను.

విదేశపు నెంబరుకు ఆ దేశపు అంకెలను ముందు చేర్చవలెను. ఒక్క అంకె తప్పిన మన ధరలు పరాయివారి బల్లపై పడును.

సొంత యంత్రమున్నవారు ఒకటి గమనించవలెను. రాగి తీగ బదులు గాజు తీగ వచ్చినచోట్ల మాట బాగుగనే వినిపించినను ఫ్యాక్సు నడుమ తెగిపోవచ్చును. మాటను కుదించి పంపు పద్ధతిలో యంత్రపు కూతలు చెడుటయే కారణము. ఫ్యాక్సుకు తగిన ఏర్పాటు కలదా అని లైను ఇచ్చువారిని ముందే అడుగుడు.

ఆ పదునాలుగు మగ్గములలో నేడును మాకు నేయుచున్నవారు కలరు. గడువుగల కాగితము పంపిన దినమున వారిలో ఎవరో ఒకరు కార్యాలయమునకు వచ్చి, "అందిందన్న మాట వచ్చిందా అయ్యా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు చేతిలో పట్టుకొనిన తరువాతనే ఇప్పుడు మేము తాళము వేయుచున్నాము.