ఏడడుగుల ఆటగాడు నిజంగా ఏడడుగులేనా?

కడప నుంచి తిరుపతికి బస్సులో పోయేవాళ్లకు ఒంటిమిట్ట కోదండరాముడి గుడి గాలిగోపురం కనపడుతుంది. 1652లో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే ఆ గోపురాన్ని మెచ్చుకుంటూ రాసుకున్నాడు. ఆ గుడి దగ్గరే మనవాళ్లకు బాగా తెలిసిన ఇమాంబేగ్ బావి కూడా ఉంది. గోపురం ఎత్తు వందల ఏళ్లయినా మారదు. మనిషి ఎత్తు అట్లా కాదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, బూట్లేసుకుంటే ఒకటి, కాగితం మీద ఇంకొకటి.

వినడానికి తమాషాగా ఉన్నా, ఈ ప్రాంతం పిలకాయలకు ఇది తమాషా కాదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లకు కనీసం 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5 సెంటీమీటర్లు ఎత్తు ఉండాలి. అంటే దాదాపు 5 అడుగుల 6 అంగుళాలు, 5 అడుగులు. కడప పుట్లంపల్లెలోని వైఎస్సార్ క్రీడా పాఠశాల ఎంపికల్లోనూ పరుగు, దూకుడుతో పాటు ఎత్తు కూడా కొలుస్తారు. ఇంట్లో 168 అని నమ్మి గ్రౌండుకు పోయిన పిల్లోడు అక్కడ 167 దగ్గర ఆగిపోతే, ఏడాది చదువూ పరుగూ అంతా నీళ్లపాలే.

ఎత్తు లెక్క ఎట్లా తప్పుతుందో తెలుసుకోవాలంటే బాస్కెట్‌బాల్‌ను మించిన పాఠం లేదు. అమెరికా ఎన్‌బీఏ ఆటలు ఫోన్లో చూసే పిలకాయలు వాదించుకునేవి రెండే మాటలు. ఫలానా ఆటగాడు నిజంగా ఎంత పొడుగు? పాతకాలం పొడుగాళ్లు గొప్పా, ఇప్పటివాళ్లా? మొదటిది తేలకుండా రెండోది తేలదు.

బూట్లతో కలిపి కొలిచిన ఎత్తు

చాలా ఏళ్లు ఎన్‌బీఏలో ఆటగాడి ఎత్తు ఎంతని జట్టు చెబితే అంతే. బూట్లేసి కొలిచినా అడిగేవాళ్లు లేరు. బాస్కెట్‌బాల్ బూటు ఒక్కటే సుమారు అంగుళం పెంచుతుంది. దానికి కాలేజీ కోచ్ ఇంకో అంగుళం కలిపేవాడు. ఎదుటి జట్టుకు కొంచెం భయం, టికెట్ కొనేవాళ్లకు కొంచెం ఆశ. పెళ్లి సంబంధాల్లో అబ్బాయి ఎత్తు చెప్పినట్టే అనుకోండి!

దీనికి పెద్ద ఉదాహరణ హకీమ్ ఒలాజువాన్. నైజీరియాలోని లాగోస్‌లో ముస్లిం కుటుంబంలో పుట్టి, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ ఆటగాడిగా పెరిగి, అమెరికాలోని హ్యూస్టన్ చేరాడు. అక్కడ అతని ఎత్తు 7 అడుగులని రాశారు. తాను అంత లేనని, 6 అడుగుల 10 అంగుళాల దాపుల్లో ఉంటానని తర్వాత అతనే చెప్పాడు. ఎత్తే కాదు, పేరు కూడా ఏళ్ల తరబడి తప్పుగానే నడిచింది. ‘అకీమ్’ అని రాసేవాళ్లు. 1991లో అతనే దాన్ని ‘హకీమ్’ అని సరిచేశాడు. చార్లెస్ బార్క్లీది ఇంకో కథ. 6 అడుగుల 6 అంగుళాలని రాసినా, అసలు ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు కూడా నిండదని అతనే ఒప్పుకున్నాడు.

అందరూ పెంచే చెప్పారనుకుంటే పొరపాటు. తగ్గించి చెప్పినవాళ్లూ ఉన్నారు. ఏడడుగులని రాస్తే కోచ్ వెంటనే సెంటర్ స్థానంలో, అంటే రింగు కింద తోపులాటలో నిలబెడతాడు. అది ఇష్టం లేనివాళ్లు ఒక అంగుళం దాచుకునేవాళ్లు. బిల్ వాల్టన్, కెవిన్ గార్నెట్ ఇద్దరూ 6 అడుగుల 11 అంగుళాల దగ్గరే ఆగిపోయారు కాగితం మీద. కెవిన్ డ్యూరాంట్‌ను ఏళ్ల తరబడి 6 అడుగుల 9 అంగుళాలని రాశారు. పక్కన నిలబడిన సెంటర్‌లతో పోల్చి చూసినవాళ్లెవరూ దాన్ని నమ్మలేదు.

2019-20 సీజన్ నుంచి ఎన్‌బీఏ ఈ ఆటకు అడ్డుకట్ట వేసింది. శిక్షణ శిబిరం మొదలైన వారంలోపు ప్రతి ఆటగాడి ఎత్తునూ బూట్లు లేకుండా కొలిచి జట్టు ధ్రువీకరించాలని నియమం పెట్టింది. ఒక్కసారిగా చాలామంది అంగుళమో రెండంగుళాలో ‘కుదించుకుపోయారు’. డ్యూరాంట్ లాంటి ఒకరిద్దరు మాత్రం పెరిగారు.

కాబట్టి 2019కి ముందు రాసిన ఏ ఎత్తునైనా ఇప్పటి ఎత్తుతో నేరుగా పోల్చితే తప్పు లెక్కే వస్తుంది. పాత పట్టికలో 7 అడుగులు, కొత్త పట్టికలో 6 అడుగుల 11 అంగుళాలు ఉన్న ఇద్దరిని పక్కపక్కన నిలబెడితే, రెండోవాడే పొడుగ్గా కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

పొడుగాళ్ల కోసం మారిన రూల్సు

ఇక పాతవాళ్లా, కొత్తవాళ్లా అనే వాదన. రింగు ఎత్తు అప్పుడూ ఇప్పుడూ 10 అడుగులే, అంటే 305 సెంటీమీటర్లు. మారింది దాని కింద నేల, దాని చుట్టూ రూల్సు. ఆ మార్పుల్లో చాలావాటికి కారణం ఒక్కో పొడగరి.

1940ల్లో జార్జ్ మైకన్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి. రింగులోకి దిగుతున్న బంతిని గాల్లోనే కొట్టేసేవాడు. అతనూ, బాబ్ కర్లాండ్ అనే మరో పొడుగాటి ఆటగాడూ చేస్తున్న పని చూసి 1944లో కాలేజీ ఆటలో దాన్ని నిషేధించారు. అయినా రింగు కింద మైకన్‌ను ఆపడం కష్టమైంది. 1951లో ఎన్‌బీఏ రింగు ముందున్న గీతల నడుమ వెడల్పును 6 అడుగుల నుంచి 12కు పెంచింది. ఆ గీతల మధ్య మూడు సెకన్లకు మించి నిలబడకూడదు గనక పొడగరి రింగుకు దూరంగా జరగాల్సి వచ్చింది. తర్వాత విల్ట్ చాంబర్‌లైన్ వచ్చాడు, 7 అడుగుల 1 అంగుళం. 1964లో ఆ వెడల్పు 16 అడుగులైంది.

కరీం అబ్దుల్ జబ్బార్ వంతు కాలేజీలోనే వచ్చింది. అప్పట్లో అతని పేరు లూ ఆల్సిండర్, ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. 1967లో అతని కాలేజీ జట్టు ఒక్క ఓటమి కూడా లేకుండా టైటిల్ గెలిచింది. ఆ ఏడాదే కాలేజీ ఆటలో డంక్‌ను, అంటే బంతిని చేత్తో నేరుగా రింగులో కుక్కడాన్ని నిషేధించారు. అది 1976 దాకా సాగింది. అతను కుంగిపోలేదు. చెయ్యి పైకెత్తి తల మీదుగా బంతిని వదిలే ‘స్కైహుక్’కు పదును పెట్టుకున్నాడు. 1968లో ఇస్లాం స్వీకరించి, 1971లో మిల్వాకీ జట్టుతో టైటిల్ గెలిచిన మరుసటి రోజే కొత్త పేరు లోకానికి చెప్పాడు. రిటైరయ్యే నాటికి 38,387 పాయింట్లు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా నిలిచింది.

అంకెలు చెప్పేదీ, చెప్పనిదీ

విల్ట్ అభిమానులు ముందుగా చూపించేది 1961-62 సీజన్. ఆటకు సగటున 50.4 పాయింట్లు, 1962 మార్చి 2న ఒక్క ఆటలోనే 100. ఇవి నిజమైన అంకెలే, ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు. కానీ అప్పుడు లీగ్‌లో ఉన్నవి 9 జట్లు. ఒక్కో జట్టు ఆటకు సగటున 107 షాట్ల దాకా వేసేది, అందులో సగానికి పైగా తప్పిపోయేవి. 1990ల నడిమికి ఆట నెమ్మదించి షాట్లు 80 చిల్లరకు దిగాయి. ఎక్కువ షాట్లు పడితే ఎక్కువ పాయింట్లు, ఎక్కువ తప్పితే ఎక్కువ రీబౌండ్లు. విల్ట్ 1960లో ఒకే ఆటలో 55 రీబౌండ్లు పట్టాడంటే అతని బలం ఒక్కటే కాదు, ఆ కాలం వేగం కూడా అందులో ఉంది.

తలకిందులుగా పాతవాళ్లకు అన్యాయం చేసే అంకె కూడా ఒకటుంది. ఎదుటివాడి షాట్‌ను ఆపే ‘బ్లాక్’లను ఎన్‌బీఏ 1973-74 నుంచే లెక్కపెట్టింది. 13 సీజన్లలో 11 టైటిళ్లు గెలిచిన బిల్ రసెల్ 1969లోనే ఆట మానేశాడు. విల్ట్ 1973లో మానేశాడు. వాళ్లిద్దరి అధికారిక బ్లాకులు సున్నా! కరీం ఖాతాలోనూ మొదటి నాలుగు సీజన్లు లేవు. అందుకే హకీమ్ 3,830 బ్లాకుల రికార్డు గొప్పదే గానీ, ‘అన్ని కాలాల్లోనూ’ అనే మాట దాని పక్కన పెట్టడం సరికాదు.

మరి ఎవరు గొప్ప? పాయింట్లను పక్కనబెట్టి ఎదురెదురుగా నిలబడిన సందర్భాలు చూడటమే న్యాయం. 1995 ఫైనల్ అలాంటిది. 7 అడుగుల 1 అంగుళం, కొండలాంటి షకీల్ ఓనీల్ ఒకవైపు. ‘ఏడడుగుల’ పేరు మోస్తున్న 6 అడుగుల 10 అంగుళాల హకీమ్ రెండోవైపు. హ్యూస్టన్ 4-0తో గెలిచింది. హకీమ్ సగటు 32.8, షాక్ సగటు 28. మూడంగుళాల లోటును హకీమ్ కాళ్లతో పూడ్చాడు. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ నేర్పిన అడుగులతో ఒకవైపు తిరిగినట్టు చేసి మరోవైపు తిరిగేవాడు. ఆ ఏడాది ఫిబ్రవరి అంతా రంజాన్. రోజా ఉండి ఆడుతూనే ఆ నెల లీగ్ ఉత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. ఎత్తులో తల, మెడ కూడా కలిసుంటాయి. బంతిని ఆపేది తల కాదు, చెయ్యి. రసెల్ ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలే అయినా, చేతులు చాపితే కొన నుంచి కొనకు 7 అడుగుల 4 అంగుళాలు. ఇప్పటి ఫ్రెంచి కుర్రాడు విక్టర్ వెంబన్యామా ఎత్తే 7 అడుగుల 4 అంగుళాలు, చేతుల చాపు 8 అడుగులు. ఎంపికకు వచ్చే కుర్రాళ్లకు ఎత్తుతో పాటు చేతుల చాపు, నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తు కూడా ఎన్‌బీఏ కొలిచేది ఇందుకే. కోచ్‌లు నమ్మేది ఈ చివరి అంకెనే.

మన దేశం సంగతి

2015లో పంజాబ్‌లోని బల్లోకే గ్రామం కుర్రాడు సత్నామ్ సింగ్‌ను డల్లాస్ జట్టు డ్రాఫ్ట్‌లో 52వ వాడిగా ఎంచుకుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడతనే. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు, అంటే కరీంతో సమానం. కానీ ఎన్‌బీఏ ఆట ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు. అదే ఏడాది కెనడాలో పుట్టిన పంజాబీ సిమ్ భుల్లర్, 7 అడుగుల 5 అంగుళాలు, శాక్రమెంటో తరఫున మూడు ఆటల్లో కాసేపు కనిపించాడు. అంగుళాలు తలుపు తెరిచాయి గానీ లోపల కూర్చోబెట్టలేదు.

మితిమీరిన ఎత్తు కొన్నిసార్లు జబ్బు కూడా. 7 అడుగుల 7 అంగుళాల రుమేనియా ఆటగాడు జార్జ్ మురెసాన్‌కు పిట్యూటరీ గ్రంథి సమస్య ఉండేది. అంతే ఎత్తున్న సూడాన్ మనిషి మనూట్ బోల్ పుట్టిందే పొడుగాటి దింకా తెగలో. ఇంట్లో అందరూ మామూలు ఎత్తు ఉండి ఒక్క పిల్లోడే ఆగకుండా పెరుగుతుంటే మురిసిపోకుండా డాక్టరుకు చూపించాలి. అట్లాగే ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ పొడీ, ఏ మాత్రా, ఏ కడ్డీ పట్టుకుని వేలాడటమూ ఎత్తు పెంచవు. వాటికి పెట్టే డబ్బు దండగ.

ఇక ఇంట్లో కొలత. 2023లో ఎస్సై నియామకాల్లో ఎత్తు చాలలేదని తప్పించినవాళ్లు కొందరు, గతంలో ఇదే కొలతలో నెగ్గామంటూ హైకోర్టుకు పోయారు. న్యాయమూర్తుల సమక్షంలో మళ్లీ కొలిస్తే అప్పుడూ చాలలేదు. అంతదాకా పోకుండా ముందే తెలుసుకోవడం తేలిక. పగలంతా నిలబడి తిరిగితే వెన్నుపూసల మధ్య మెత్తటి బిళ్లలు అణిగి, సాయంత్రానికి మనిషి ఒక సెంటీమీటరు పైనే తగ్గుతాడు. 167.6 గీత మీదున్న కుర్రాడికి ఆ సెంటీమీటరే ఉద్యోగం. కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి, తక్కువ వచ్చినదాన్నే నమ్మాలి. చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా పెట్టి నిలబడాలి. జుట్టు అణిగేలా తల మీద గట్టి అట్ట పుస్తకం అడ్డంగా పెట్టి గోడ మీద గీత గీయాలి. దర్జీ టేపు సాగుతుంది, వడ్రంగి వాడే ఇనుప టేపే మేలు. గీత పక్కన తేదీతో పాటు టైము కూడా రాసుకోవాలి.