ఉయ్యాల కట్టే ముందు ఒకసారి పైకప్పు చూడండి

కొందరు పిల్లలు ఒకచోట కుదురుగా ఉండరు. గిరగిరా తిరుగుతారు, మంచం మీదనుంచి దూకుతారు, అన్నం తినేటప్పుడు కూడా ముందుకూ వెనక్కూ ఊగుతూనే ఉంటారు. మరికొందరికి నేలమీదనుంచి కాలు లేస్తే చాలు, ఏడుపే. ఆటిజం ఉన్న పిల్లలలో ఈ రెండు రకాలూ కనిపిస్తాయి. థెరపీ గదిలోని ఉయ్యాలలో తమ బిడ్డ కుదుటపడటం చూసిన తల్లిదండ్రులు, "ఇలాంటిది ఇంట్లో కట్టుకోవచ్చా అండీ?" అని అడుగుతుంటారు. కట్టుకోవచ్చు. కానీ కొన్ని సంగతులు ముందు తెలుసుకోవాలి.

మన లోపలి చెవిలో అర్ధవలయాల ఆకారంలో మూడు సన్నని గొట్టాలున్నాయి. తల తిరిగినప్పుడల్లా వాటిలోని ద్రవం కదిలి, ఆ కబురు మెదడుకు చేరుతుంది. మనం పడిపోకుండా నిలబడటానికి ఈ కబురు కూడా తోడ్పడుతుంది. అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ 1972లో వెలువరించిన పుస్తకంలో, ఇటువంటి కబుర్లను మెదడు సరిగా కూర్చుకోలేకపోతే బిడ్డకు నేర్చుకోవడంలో ఇబ్బందులు వస్తాయని వాదించారు. ఆమె పద్ధతిలో ఉయ్యాలలకు ముఖ్యస్థానం ఉంది. అయితే ఈ చికిత్సకు ఆధారాలు పరిమితమనీ, ఆ మాట తల్లిదండ్రులకు చెప్పాలనీ అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లో తన సభ్యులకు సూచించింది. కాబట్టి ఉయ్యాల ఆటిజాన్ని నయం చేస్తుందని ఎవరైనా చెప్పి వేలకు వేలు అడిగితే నమ్మకండి. బిడ్డకు ఆనందం, కాస్త నెమ్మది దొరికితే అదే చాలు.

ఇక అసలు విషయం, పైకప్పు. ఊగుతున్న బిడ్డ బరువు కూర్చున్న బిడ్డ బరువు కాదు. 25 కిలోల బిడ్డ 60 డిగ్రీల ఎత్తుదాకా ఊగితే, కిందికి వచ్చిన క్షణంలో తాడుమీద 50 కిలోల లాగుడు పడుతుంది. తాడు నేలకు సమాంతరంగా లేచేంత ఊగితే 75 కిలోలు. పైకి ఎక్కి గెంతితే ఇంకా ఎక్కువ. అందుకే ఫ్యాను కొక్కేనికి ఉయ్యాల కట్టకండి. అది కదలకుండా వేలాడే కొన్ని కిలోల ఫ్యాను కోసం వేసింది. రేకుల ఇంటి పైపులు, ఫాల్స్ సీలింగు, గుమ్మంలో బిగించే రాడ్డు కూడా పనికిరావు. పాత పెంకుటింటి దూలమైతే చెద పట్టిందేమో పొడిచి చూడాలి.

స్లాబు పోసేటప్పుడే కడ్డీలకు కట్టి వేసిన ఉయ్యాల కొక్కేలు ఉంటే అదృష్టమే. తుప్పు పట్టలేదని మాత్రం చూసుకోండి. లేనివారు తామే డ్రిల్లింగ్ మొదలుపెట్టకుండా ఇంజనీరుకు చూపించి ఆంకర్ బోల్టులు వేయించాలి. అద్దె ఇళ్ళవారికి వెడల్పాటి కాళ్ళున్న ఇనుప స్టాండు మేలు. ఏది కట్టినా మొదట పెద్దవాళ్ళు కూర్చుని, నేలకు దగ్గరగా ఊగి చూడాలి. కూర్చునే బల్ల, బిడ్డ పాదాలు నేలకు తగిలేంత ఎత్తులోనే ఉండాలి. కింద పరుపు వేయండి. ముందూ వెనకా గోడ, బీరువా మూల, కిటికీ ఏదీ అందకూడదు.

చీర ఉయ్యాల గురించి విడిగా చెప్పాలి. నడిచే వయసు పిల్లలు దానిలో గిరగిరా తిరుగుతారు. చీర మెలిపడి మెడకు బిగుసుకుంటుంది. అలా పిల్లల ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశపు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. మెడకు బిగిస్తే బిడ్డ అరవలేదు, కాబట్టి పక్క గదిలో ఉన్నా మీకు తెలియదు. ఒకే తాడుకు వేలాడే సంచి లాంటి ఉయ్యాలలకూ ఇదే భయం ఉంది. వాటికి పైన తిరిగే బేరింగు ఉండాలి, పక్కన పెద్దవారు ఉండాలి. దానిలో బిడ్డను నిద్రపోనివ్వకండి.

మొదట అయిదు నిమిషాలు చాలు. ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే చాలామంది పిల్లలు నెమ్మదిస్తారు; గిరగిరా తిప్పితే రెచ్చిపోతారు. ముఖం పాలిపోయినా, చెమట పట్టినా, వికారపడినా వెంటనే ఆపండి. తల తిరుగుడు కొందరికి ఆట అయిన తర్వాత కూడా వస్తుంది. భోజనం అయిన వెంటనే వద్దు. ఏడుస్తున్న బిడ్డను బలవంతంగా ఎక్కించవద్దు. బల్లమీద బొమ్మను కూర్చోబెట్టి ఊపించండి, తనంతట తనే వస్తాడు. మూర్ఛలున్న పిల్లలకు, డౌన్ సిండ్రోమ్ ఉన్నవారికి (వారిలో కొందరికి మెడ ఎముకల పట్టు వదులుగా ఉంటుంది), చెవి ఆపరేషన్ అయినవారికి డాక్టరును అడగకుండా కట్టకండి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు వీపు, తల ఆనేలా ఉన్న కుర్చీ ఉయ్యాల కావాలి.

బిడ్డకు ఏ కదలిక ఎంత అవసరమో థెరపిస్టు చూసి చెప్పాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలయ్యాక జిల్లా స్థాయిలో డి.ఇ.ఐ.సి. కేంద్రాలు వచ్చాయి, అక్కడ ఉచితంగా చూస్తారు.

వారానికొకసారి తాడు నలిగిందేమో, కొక్కెం అరిగిందేమో చూడండి. ఆట అయ్యాక ఉయ్యాల విప్పి బీరువా మీద పెట్టేయండి. మీరు స్నానానికి వెళ్ళినప్పుడు పక్కింటి పిల్లలు కూడా వచ్చి ఎక్కుతారు.