వాగు పక్కన వెంచరు... నీటిపారుదల శాఖ కాగితం ఉందా?

మీ పొలం పక్కన భూమి కొన్నారు. రంగు జెండాలు పాతారు. రాత్రిపూట టిప్పర్లు మొరం పోస్తున్నాయి. 'మనకెందుకులే, అమ్ముకున్నోడు అమ్ముకున్నాడు' అని ఊరుకుంటున్నారా? నష్టం మీకే. అక్కడ రెండు మూడు అడుగులు మొరం లేస్తే, ఏళ్ల తరబడి ఆ చెలక మీదుగా వాగులోకి పోయిన వాన నీరు ఇకమీదట మీ మడిలోనే నిలుస్తుంది. నాటు వేసిన వరి రోజుల తరబడి మునిగితే ఏమవుతుందో మీకు చెప్పనక్కర లేదు. పత్తి అంతకన్నా ముందే వడలిపోతుంది.

2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలో బొక్కలగడ్డ, ప్రకాశ్‌నగర్ వంటి కాలనీలు మునిగాయి. పల్లెల్లో పొలాలు ఇసుక మేటలు వేశాయి. వాగుకు పాసుబుక్కు లేదు గానీ, దాని దారి దానికి బాగా తెలుసు.

వాగు, చెరువు పక్కన లేఅవుట్ వేయాలంటే నీటిపారుదల, రెవెన్యూ శాఖల నిరభ్యంతర పత్రం ఉండాలి. ఎంత దూరం వదలాలో 2012లో వచ్చిన 168వ నంబరు జీవోలో ఉంది. శిఖం భూమిలో, వాగు గర్భంలో ఏ కట్టడమూ పనికిరాదు. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువైతే నిండు నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు. వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు.

ఇక్కడ ఒక తిరకాసుంది. వెంచరు వాళ్లు 'నాలా కాగితం ఉంది' అని చూపిస్తారు. అది వాగు కాగితం అనుకునేరు! సాగు భూమిని సాగేతర భూమిగా మార్చిన ఉత్తర్వు అది. నీళ్ల సంగతి అందులో తేలదు.

అర్జీ ఎలా రాయాలన్నదే అసలు విషయం. ఈ విలేకరి చూసిన ఒక అర్జీలో నలభై సంతకాలున్నాయి. రెండు పేజీల నిండా వెంచరు యజమానిని, సర్పంచును తిట్టడమే. సర్వే నంబరు ఒక్కటీ లేదు. అది బుట్టదాఖలు కాక ఏమవుతుంది? ఒక్క పేజీ చాలు. వెంచరు సర్వే నంబర్లు, పక్కనున్న వాగు లేదా కుంట పేరు, మీ సర్వే నంబరు, నీరు ఎటు నుంచి ఎటు పోతుందో రాయండి. 'నీటిపారుదల శాఖ నిరభ్యంతర పత్రం నంబరు, తేదీ తెలపండి. అది లేకుండా అనుమతి ఇవ్వవద్దు. మా సమక్షంలో రెండు శాఖలు కలిసి కొలతలు వేయాలి' అని అడగండి. గ్రామ నక్షా, టిప్పన్, దొరికితే 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు జతచేయండి. పాత రికార్డులో వాగు అని ఉంటే మీ మాటకు బలం.

ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శికి, ఒకటి తహసీల్దారుకు, ఒకటి నీటిపారుదల శాఖ డీఈకి ఇచ్చి ముద్ర వేయించుకోండి. ముద్ర వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకూ ఇవ్వండి.

జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద నిరభ్యంతర పత్రం నకలు, దానితో ఉన్న మ్యాపు అడగండి. దరఖాస్తుకు మండల ఆఫీసులో 5 రూపాయలు, పై ఆఫీసుల్లో 10 రూపాయలు. 30 రోజుల్లో చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు.

కాగితం లేదని తేలితే వెంచరు రద్దయినట్టేనని సంబరపడవద్దు. రేపు తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్నా మీరు చేయాల్సిన పని ఉంది. అందులో అన్ని సర్వే నంబర్లూ ఉన్నాయా, వాగు వెడల్పు ఎంత రాశారు, నీరు పోయే దారి వదలమన్నారా అని చూడండి. కాలువ పూడ్చి చిన్న సిమెంటు గూనలు వేసి సరిపెట్టే వాళ్లున్నారు.

కోర్టుకు పోవాల్సి వస్తే ఖర్చుకు భయపడకండి. వరద బాధితులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది.

ఏది చేసినా ప్లాట్లు రిజిస్ట్రీ కాకముందే చేయాలి. తర్వాత మీ ఎదుట నిలబడేది వెంచరు యజమాని కాదు, నెలనెలా కిస్తీలు కట్టి వంద గజాలు కొనుక్కున్న మీలాంటి మనిషే. మొరం ఇంకా పడకపోతే, ఈ వానకే నీరు పోయే దారిని ఫొటో తీయించి తేదీతో సహా దాచిపెట్టుకోండి.