దేశభక్తుడి తపాలా

1922 జనవరి. గుంటూరు జిల్లా బాపట్ల తాలూకాలో అప్పుడున్న పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టేది లేదని భీష్మించారు. మునసబులు, కరణాలు రాజీనామాలు ఇచ్చారు. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేన పేరుతో వాలంటీర్లను కూడగట్టి ఊళ్లలో కట్టుబాటు నిలిపారు. ఇంతవరకు చాలామంది విన్న కథే. దాని వెనక నడిచిన ఉత్తరాల ఊసు మాత్రం తక్కువ.

శిస్తు మానాలంటే రైతులకు ధైర్యం ఒక్కటీ ఉంటే చాలదు, కాంగ్రెస్ షరతులకూ సరిపోవాలి. 1921 నవంబరులో ఢిల్లీలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ ఆ షరతులు పెట్టింది: అహింస, ఖద్దరు, హిందూ ముస్లిం ఐక్యత, అంటరానితనాన్ని వదులుకోవడం. ఆంధ్ర కాంగ్రెస్‌ను నడుపుతున్న దేశభక్త కొండా వెంకటప్పయ్యకు గాంధీ రాసిన జాబులోనూ ఆ ప్రశ్నలే. గుంటూరు నిజంగా సిద్ధమేనా? అటు గాంధీ సందేహం, ఇటు జనం ఉరవడి. నడుమ నలిగింది వెంకటప్పయ్యే.

సర్కారు తపాలా వేరే దారిలో నడిచేది. కలెక్టరు రూథర్‌ఫర్డ్ చర్యల సంగతి మద్రాసుకు వెళ్లేది. మద్రాసు నుంచి ఢిల్లీకి పక్షానికో నివేదిక. ఒకే ఫిర్కా మీద రెండు కట్టల కాగితాలు, రెండింటి భాషా వేరు. చౌరీచౌరా ఘటన తర్వాత ఫిబ్రవరిలో దేశమంతటితో పాటు ఇక్కడా ఉద్యమం ఆగింది.

కొత్త రాజ్యం పుట్టేచోట అసలు రాజకీయం వేదికల మీద కన్నా ఉత్తరాల్లోనే ఎక్కువ దొరుకుతుంది. 1787లో అమెరికా కొత్త రాజ్యాంగం చేతికొచ్చేసరికి జెఫర్సన్ పారిస్‌లో, జాన్ ఆడమ్స్ లండన్‌లో రాయబారులు. అధ్యక్షుడు గద్దె దిగకపోతే ఎలాగని జెఫర్సన్ బెంగ. తన భయం ఆ ఒక్కడి గురించి కాదు, పెద్దమనుషుల గుంపు గురించి అని ఆడమ్స్ జవాబు. స్నేహితులు కాబట్టి అంత నిక్కచ్చిగా రాసుకున్నారు.

ఆడమ్స్ భయపడ్డ ఆ గుంపు వెంకటప్పయ్యకూ ఎదురైంది, స్వరాజ్యం వచ్చిన కొన్ని నెలలకే. ఈసారి ప్రశ్నలు ఇటునుంచి అటు వెళ్లాయి. ఎనభై దాటిన మనిషి, కాలు విరిగి ఊతకర్రలతో ఇంట్లోనే తిరుగుతున్నారు. తనకు సొంత ఆశలేవీ లేవంటూనే గాంధీకి రాశారు: శాసనసభ్యులు కొందరు పలుకుబడి అమ్ముకుంటున్నారు, మేజిస్ట్రేటు కోర్టుల్లో న్యాయానికే అడ్డం పడుతున్నారు. ఫిర్యాదు ప్రత్యర్థుల మీద కాదు, తాను జీవితం ధారపోసిన సొంత పార్టీ మీద!

గాంధీ ఆ జాబును దాచలేదు. 1948 జనవరిలో, ఢిల్లీలో నిరాహార దీక్షకు దిగిన ఆ రోజుల్లోనే, రాసినవారి పేరుతో సహా జనం ముందు పెట్టారు.