తెల్ల సరుకు, గోధుమ సరుకు, పసుపెక్కిన కంప్యూటరు

బ్రిటన్‌లో విద్యుత్ పరికరాలమ్మే వర్తకుల పరిభాషలో రెండు మాటలున్నవి. ఫ్రిజ్, బట్టలుతికే యంత్రం వంటివి 'వైట్ గూడ్స్'. రేడియో, టెలివిజన్ వంటివి 'బ్రౌన్ గూడ్స్'. ఈ పేర్ల వెనుక కొంత రసాయనశాస్త్రం దాగి ఉన్నది.

'వైట్ గూడ్స్' అనగా తొలుత దుప్పట్లు, తువాళ్లు మొదలైన తెల్లని వస్త్రాలే. 1878లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జాన్ వనమేకర్ ఆరంభించిన 'వైట్ సేల్' అట్టి వస్త్రాల అమ్మకమే. కాలక్రమాన ఉక్కు రేకుపై తెల్లని ఎనామెల్ పూసిన గృహయంత్రాలకు ఆ పేరు సంక్రమించినది. రేడియో పెట్టెలను మాత్రం కర్రతోను, బేకలైటుతోను చేసేవారు. 1907లో లియో బేక్‌లాండ్ ఫినాల్, ఫార్మాల్డిహైడ్‌ల నుండి రూపొందించిన ఈ ప్లాస్టిక్కు సహజంగానే ముదురు రంగుది. అందుచేత అవి గోధుమరంగు సరుకులైనవి.

మరి కంప్యూటరు మాటేమిటి? 1981లో వచ్చిన బీబీసీ మైక్రో, 1982లో వచ్చిన కమడోర్ 64 వంటి గృహ కంప్యూటర్ల పెట్టెలు ఏబీఎస్ అనే ప్లాస్టిక్కుతో తయారైనవి. లేత రంగులను చక్కగా ఇముడ్చుకోగల పదార్థమిది. తరువాతి కాలపు కంప్యూటర్లకు 'బీజ్ బాక్స్', అనగా ఇసుకవన్నె పెట్టె, అనే మారుపేరు స్థిరపడినది.

అయితే ఆ వన్నె శాశ్వతం కాదు. ఏబీఎస్‌లో ఆక్రిలోనైట్రైల్, బ్యూటడైఈన్, స్టైరీన్ అనే మూడు అంశాలుంటాయి. దెబ్బకు పగలని దారుఢ్యాన్నిచ్చే బ్యూటడైఈన్ భాగంలోని ద్విబంధాలే దాని బలహీనత. అతినీలలోహిత కిరణాలు, వేడిమి తోడ్పడగా గాలిలోని ఆక్సిజన్ వాటితో చర్య జరుపుతుంది. క్రమంగా ఉపరితలం పసుపెక్కుతుంది. మంటలను నిరోధించేందుకు కొన్ని పెట్టెలలో కలిపిన బ్రోమిన్ సమ్మేళనాలు కూడ ఇందుకు దోహదం చేయగలవు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో ఉంచితే తెలుపు తిరిగి వస్తుందనే పద్ధతి 2008 ప్రాంతంలో ప్రచారమైనది. రంగు తగ్గుట నిజమే. కాని ఆ చికిత్స పైపొరకే పరిమితం. పసుపు మళ్లీ రావచ్చును. పైగా గాఢమైన పెరాక్సైడ్ చర్మాన్ని, కళ్లను గాయపరచగలదు.

కనుక మీ ఇంట అటువంటి యంత్రముంటే ఎండ, వేడి తగలని పొడిచోట భద్రపరచండి. అంతకు ముందే దాని క్యాసెట్లలోను, ఫ్లాపీలలోను ఉన్న ఉత్తరాలకు, మీ పిల్లలు నాడు వ్రాసిన ప్రోగ్రాములకు నకళ్లు తీయించండి. అయస్కాంతపు ముద్రలు కూడ నానాటికి క్షీణిస్తాయి. పెట్టె పసుపెక్కినా నష్టం లేదు. లోపలి వ్రాతలు చెరిగితే మాత్రం వాటిని తిరిగి తెచ్చే రసాయనమేదీ లేదు.